తాళంచెవి ఎవరి కొంగున?

కొత్త కోడలికి అత్తగారింట్లో అధికారం ఎప్పుడు వచ్చినట్టు? మెడలో పుస్తె పడినప్పుడు కాదు, గృహప్రవేశమప్పుడూ కాదు. అత్తగారు బొడ్డున దోపుకున్న తాళంచెవుల గుత్తి తీసి, "ఇకనుంచి నువ్వే చూసుకో అమ్మా" అని చేతిలో పెట్టిన రోజు వచ్చినట్టు! వీధి తలుపు, బియ్యం గది, బీరువా... ఈ మూడింటి చెవులూ ఎవరి కొంగున ఉంటే ఆ ఇంటికి ఆవిడే ఇల్లాలు. ఈ మాట మన పెద్దవాళ్ళు ఎవరూ కాగితం మీద రాయలేదు గాని, అందరికీ తెలుసు.

ఇప్పుడు ఆ గుత్తి మెల్లగా కనబడకుండా పోతోంది అక్కలూ! హైటెక్ సిటీ సంగతి సరే, మా పాతబస్తీలో కూడా అంతే. శాలిబండలో, గౌలిపురాలో, లాల్‌దర్వాజా వైపు పాత ఇళ్ళు పడగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు. వాటి తలుపులకు చెవి పెట్టే తాళం బదులు వేలు పెడితే తెరుచుకునే తాళం వస్తోంది. అదొక్కటే అయితే బాగానే ఉండును. ఆ తాళాన్నీ, హాల్లో టీవీనీ, మాట్లాడే స్పీకరునూ, లైట్లనూ అన్నింటినీ ఒకే ఫోనుకు కలిపేస్తున్నారు. స్మార్ట్ హోమ్ అంటున్నారు.

దీన్ని చూసి భయపడవద్దు. అలాగని "నాకేం తెలుసు, మా అబ్బాయే పెట్టాడు" అని ఊరుకోనూ వద్దు. ఈ వారం దీని సంగతే చెప్పుకుందాం.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

మన సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం చూసే ఉంటారు. గంట అవుతుందనగా గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టిపోతుంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తారు. దాని లోపల ఒక చక్రం కదిలితే ఇంకో చక్రం కదులుతుంది, దానివల్ల తలుపు తెరుచుకుంటుంది, బొమ్మ వస్తుంది. స్మార్ట్ ఇల్లు కూడా అంతే అనుకోండి. ఒకటి కదిలితే దాని వెంట ఇంకోటి కదులుతుంది. కాకపోతే ఇక్కడ చక్రాలకు బదులు వైఫై, బ్లూటూత్. వాటన్నిటినీ నడిపించే పెద్దమనిషి ఒక యాప్.

"గుడ్ నైట్" అని ఒక్క మాట అంటే చాలు, టీవీ ఆగిపోతుంది, హాల్లో లైట్లు ఆరిపోతాయి, వీధి తలుపు తాళం పడుతుంది. ఇలా వరుసగా జరిగే పనుల మూటకు "రొటీన్" అని పేరు. వీధిలో ఎవరైనా బెల్లు కొడితే వాళ్ళ ముఖం టీవీ తెర మీద కనిపించేలా కూడా పెట్టుకోవచ్చు. మిక్సీ తిరుగుతుంటే వెనక వంటింట్లో ఉన్న మనకు తలుపు చప్పుడు వినపడదు కదా, అలాంటప్పుడు ఇది నిజంగా మేలే.

మాట్లాడే స్పీకర్లు మన దేశంలోకి వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. అమెజాన్ వారి అలెక్సా 2017లో వచ్చింది, హిందీ 2019లో నేర్చుకుంది. మొదట్లో ఒక్కో కంపెనీ సామాను ఒక్కో భాష మాట్లాడేది. ఒకరి తాళం ఇంకొకరి స్పీకరుతో కలిసేది కాదు. అందుకని ఆపిల్, గూగుల్, అమెజాన్, శామ్‌సంగ్ లాంటి పెద్ద కంపెనీలన్నీ కలిసి 2022 అక్టోబరులో "మ్యాటర్" అనే ఒకే పద్ధతిని తెచ్చాయి. తలుపు తాళాలు, టీవీలు మొదటినుంచీ ఆ పద్ధతిలో ఉన్నాయి. కొనేటప్పుడు డబ్బా మీద మ్యాటర్ గుర్తు ఉందేమో చూడండి. ఉంటే రేపు టీవీ మార్చినా తాళం మార్చే పని ఉండదు.

ఆవిడ ఇంట్లో ఆవిడే చుట్టం!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ యాప్‌లో అందరూ ఒకటి కాదు. మొదట ఎవరి ఫోను నంబరుతో తాళాన్ని కలుపుతారో వాళ్ళు "ఓనరు", లేదా "అడ్మిన్". మిగతావాళ్ళు "మెంబర్లు". ఆ తరువాత "గెస్టులు", అంటే చుట్టాలు. కొత్త వేలిముద్ర ఎక్కించాలన్నా, ఎవరిదైనా తీసెయ్యాలన్నా, కోడ్ మార్చాలన్నా ఓనరుకే వీలు. గెస్టు తలుపు తెరుచుకోవచ్చు, అంతే.

మా గల్లీలో ఒక వదిన ఉంది. కొత్త ఫ్లాటులోకి మారినప్పుడు కొడుకు ముచ్చటపడి ఇలాంటి తాళం పెట్టించాడు. ఓనరు కొడుకు. మెంబరు తండ్రి. తల్లి ఫోనులో ఏముందో తెలుసా? గెస్టు! పగలంతా ఆ ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే. పాలవాడికి తలుపు తీసేది ఆమె, గ్యాసు సిలిండరు దింపించుకునేది ఆమె.

అంతటితో ఆగలేదు. ఈ తాళం ప్రతి రాకపోకనూ రాసుకుంటుంది. ఎవరి వేలితో ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు తలుపు తెరుచుకుందో ఓనరు ఫోనుకు వార్త వెళుతుంది. ఒకరోజు ఆమె కూరగాయలకని పోయి, దారిలో గుడికి వెళ్ళి, ఇంటికి వచ్చేసరికి దుకాణం నుంచి భర్త ఫోను. "పదకొండున్నరకు ఎటు పోయినవ్?" ఆయన కోపంగా ఏమీ అడగలేదు. ఫోనులో కనబడింది కాబట్టి అడిగాడు. కానీ ఆమె నాతో అన్న మాట వినండి. "వదినా, ఇరవై రెండేండ్లు సంసారం చేసిన. ఏ పొద్దు ఇట్ల అడగలేదు. నా ఇంట్ల నేనే చుట్టమైపోయిన."

ఆదివారం కొడుకును కూచోబెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. "బిడ్డా, నువ్వు మంచికే పెట్టినవ్. కానీ ఈ ఇంటి తాళం నా పేరు మీద ఉండాలె." వాడు పాపం ఆ ఆలోచనే రాలేదని నొచ్చుకున్నాడు. పది నిమిషాల్లో తల్లిని అడ్మిన్ చేశాడు. తండ్రి ఫోనుకు ప్రతిసారీ వచ్చే వార్తలు ఆపేసి, రాత్రి పదకొండు దాటాక తలుపు తెరిస్తేనే వచ్చేలా పెట్టాడు. ఎంత చిన్న పని, ఎంత పెద్ద ఊరట!

అందరి ఇళ్ళలోనూ ఇంత తేలిగ్గా తేలదు. 2018లో అమెరికాలోని న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ సంగతి మీదే పెద్ద కథనం వేసింది. తాళాలు, స్పీకర్లు, కెమెరాలు, ఏసీలు అన్నీ ఫోనులో మగవాళ్ళ చేతిలో పెట్టుకుని ఇంట్లో ఆడవాళ్ళను వేధించిన సంఘటనలు అందులో ఉన్నాయి. ఇంట్లో ఎవరూ ముట్టుకోకుండానే పాటలు మోగడం, తలుపు కోడ్ రోజుకొకటి మారిపోవడం. చాలామందికి ఆ సామాను ఎలా పనిచేస్తుందో తెలియక, ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియలేదట. అంత చదువుకున్న దేశంలో అలా ఉంటే మన మాటేమిటి? అందుకే, తెలుసుకోవడమే మొదటి రక్షణ. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఇలాంటి ఇబ్బందిలో ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్ ఉందని చెప్పండి. హైదరాబాదులో 2014 నుంచి షీ టీమ్స్ కూడా ఉన్నాయి.

టీవీ చెబితే తలుపు తెరుచుకుంటుందా?

టీవీకీ తాళానికీ సంబంధం ఏమిటి అంటారా? ఉంది. 2017 జనవరిలో అమెరికాలో శాన్‌డియాగో ఊళ్ళో ఒక చిత్రం జరిగింది. ఒక చిన్నపాప అలెక్సాను అడిగి బొమ్మరిల్లు తెప్పించుకుందని టీవీ వార్తల్లో చెప్పారు. వార్త చదివే ఆయన అదే మాటను మళ్ళీ అన్నాడు. అంతే, ఆ వార్త చూస్తున్న కొన్ని ఇళ్ళలో స్పీకర్లు అది తమకు చెప్పిన మాట అనుకుని బొమ్మరిల్లు కొనబోయాయి! అదే ఏడాది ఏప్రిల్‌లో ఒక హోటల్ కంపెనీ కావాలనే టీవీ ప్రకటనలో గూగుల్ స్పీకరును పిలిచింది. ఆ ప్రకటన వచ్చినప్పుడల్లా జనం ఇళ్ళలో స్పీకర్లు వాటంతటవే మాట్లాడడం మొదలుపెట్టాయి.

మన ఇంట్లో టీవీ పొద్దున భక్తి పాటలతో మొదలై రాత్రి సీరియల్ దాకా మోగుతూనే ఉంటుంది. ఆ పక్కనే స్పీకరు. ఆ స్పీకరు చేతిలో తాళం. ఆలోచించండి మరి!

కంపెనీల వాళ్ళూ దీన్ని ఆలోచించకపోలేదు. అలెక్సాలో మాటతో తాళం తెరిచే సౌకర్యం మామూలుగా ఆపేసి ఉంటుంది. మనమే యాప్‌లో తెరిచి, అంకెల కోడ్ పెడితేనే పనిచేస్తుంది. కానీ ఆ అంకెలు పైకి చెప్పాలి కదా! బయట నిలబడ్డవాడు కిటికీలోంచి వింటే? అందుకని ఒక్క నియమం పెట్టుకోండి. మాటతో తాళం వెయ్యవచ్చు, తియ్యవద్దు. రొటీన్లలో కూడా అంతే. "గుడ్ నైట్" అంటే తాళం పడాలి. "గుడ్ మార్నింగ్" అంటే లైట్లు వెలగాలి, పాటలు రావాలి, తలుపు మాత్రం మన చేత్తోనే తియ్యాలి.

ఇంకో సంగతి. పైవాటాలో అద్దెకున్నవాళ్ళకూ, పక్కింటి పిల్లలకూ వైఫై పాస్‌వర్డు చెప్పేస్తాం. మన మంచితనం! వాళ్ళ పిల్లాడు తన ఫోనులో పాట పెడితే అది మన టీవీలో మోగుతుంది. నవ్వుకుంటాం. కానీ ఆ వైఫై మీదే తాళం కూడా ఉందని మరిచిపోతాం. ఈమధ్య వచ్చే చాలా వైఫై డబ్బాల్లో "గెస్ట్ నెట్‌వర్క్" అని విడిగా ఉంటుంది. చుట్టాలకూ, పొరుగువాళ్ళకూ అది ఇవ్వండి. తాళం, కెమెరా ఉన్నది ఇంటివాళ్ళకే ఉంచండి.

మన పాత తలుపులకు సరిపోతుందా?

పాతబస్తీ పాత ఇళ్ళ తలుపులు మీకు తెలుసు. రెండు రెక్కలు, మందమైన టేకు, పైన గొలుసు, లోపల అడ్డగడియ. దుకాణంలో కనబడే స్మార్ట్ తాళాలు చాలావరకు ఒకే రెక్క తలుపు కోసం చేసినవి. తలుపులో పెద్ద గాటు తొలిచి బిగించాలి. కొనే ముందు తలుపు మందం టేపుతో కొలిచి, తలుపు ఫోటో తీసి దుకాణంలో చూపించండి. రెండు రెక్కల తలుపుకు పైన బిగించే రకమో, వేలిముద్రతో తెరిచే వేలాడే తాళమో నయం. తాతలనాటి టేకు తలుపును తొలిచి పాడుచేసుకోకండి.

పాత ఇళ్ళ రాతి గోడలు కూడా మందమే. ముందుగదిలో పెట్టిన వైఫై వెనక వాకిట్లోకి రాదు. తాళం ఉన్న తలుపు దగ్గర మీ ఫోనులో వైఫై గీతలు ఎన్ని ఉన్నాయో ముందే చూసుకోండి.

ఇక మన చేతులు. పొద్దున లేచి అంట్లు, బట్టలు, పిండి, పసుపు, సబ్బు. మన వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడక మన ఆడవాళ్ళు ఎంత అవస్థ పడ్డారో మరిచిపోలేదు కదా! ఈ తాళం దగ్గరా అదే తంటా. రెండు చేతుల వేళ్ళూ కలిపి నాలుగైదు ముద్రలు ఎక్కించండి. అరుగుదల తక్కువ ఉండే ఎడమచేతి ఉంగరపు వేలు తప్పకుండా ఉండాలి. వేలు పలకనప్పుడు అంకెల కోడ్ ఉండనే ఉంది.

పాత తాళంచెవిని పారెయ్యకండి

ఈ తాళాలు చాలావరకు మామూలు పెన్సిల్ సెల్లుల మీద నడుస్తాయి. కరెంటు పోయినా తలుపు ఆగదు. సెల్లులు అయిపోవచ్చే ముందు కూత పెడుతుంది, ఫోనుకూ వార్త వస్తుంది. కూత వినగానే అన్నీ ఒకేసారి మార్చండి. పాతవీ కొత్తవీ కలపకండి. మొత్తం అయిపోతే? చాలా తాళాలకు బయటవైపు అడుగున చార్జరు పెట్టే రంధ్రమో, తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఆనించే చోటో ఉంటుంది. ఎక్కడుందో మొదటి రోజే చూపించమనండి.

యాప్ నమ్ముకుని చెవిని నిర్లక్ష్యం చేసినవాళ్ళకు 2017 ఆగస్టులో అమెరికాలో మంచి పాఠమే దొరికింది. లాక్‌స్టేట్ అనే కంపెనీ తన తాళాలకు ఇంటర్నెట్ ద్వారా కొత్త సాఫ్ట్‌వేర్ పంపింది. అది తేడా చేసి సుమారు 500 తాళాలు పనిచెయ్యడం మానేశాయి. వాటిలో చాలా తాళాలు రోజు అద్దెకిచ్చే ఇళ్ళవి. తప్పు ఇంటివాళ్ళది కాదు, దొంగదీ కాదు. ఎక్కడో కూర్చుని నొక్కిన మీట!

అందుకని ఇనుప చెవి కూడా ఉన్న తాళమే కొనండి. మన గోద్రెజ్ వాళ్ళు 1897లో బొంబాయిలో మొదలుపెట్టింది తాళాల పనితోనే. ఈ రోజు వాళ్ళూ అంకెల తాళాలు అమ్ముతున్నారు, ఇతర కంపెనీలూ అమ్ముతున్నాయి. చెవి ఉన్న రకాలు కావలసినన్ని ఉన్నాయి. ఒక చెవి మీ దగ్గర, ఒకటి నమ్మకమైన పుట్టింటివారి దగ్గరో, ఆడపడుచు దగ్గరో ఉంచండి. ఆ చెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకుని పోతే ఏం లాభం?

లోపలి నుంచి తెరవడానికి వేలూ కోడూ ఏదీ అక్కర్లేని పిడి ఉండాలి. ఇది చాలా ముఖ్యం. ఇంట్లో మంటలు లేచినా, అత్తగారికి గుండెనొప్పి వచ్చినా ఫోను వెతికే సమయం ఉండదు. ముసలివాళ్ళ చేతా పిల్లల చేతా ఆ పిడి నాలుగుసార్లు తిప్పించి అలవాటు చెయ్యండి.

వీధి తలుపు ఒక్కటే తలుపు కాదు

2018 సెప్టెంబరులో మా పాతబస్తీలోనే, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో దొంగతనం జరిగింది. వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పూ సాసరూ, చెంచా పోయాయి. దొంగలు తలుపు జోలికి రాలేదు. పైనున్న వెంటిలేటరులోంచి తాడు వేసుకుని దిగారు. కొద్ది రోజుల్లోనే పోలీసులు ఇద్దరిని పట్టుకుని సొమ్ము వెనక్కి తెచ్చారనుకోండి.

మన ఇళ్ళకూ ఇది వర్తిస్తుంది. పాతబస్తీలో ఒక డాబా మీంచి ఇంకో డాబాకు పిల్లలు గాలిపటాల వెంట పరుగెత్తుతారు కదా! వీధి తలుపుకు వేల రూపాయల తాళం పెట్టి, డాబా తలుపుకు తుప్పు పట్టిన గొళ్ళెం వదిలేస్తే ఎలా? ముందు డాబా తలుపు, వెనక కిటికీ, స్నానాలగది వెంటిలేటరు చూసుకోండి. ఆ తరువాతే స్మార్ట్ తాళం.

బిగించే రోజు ఇవి మరువకండి

తాళం కలిపే ఫోను నంబరు ఎవరిదో ముందే అనుకోండి. పగలు ఇంట్లో ఉండేవారు తప్పకుండా అడ్మిన్ కావాలి. అడ్మిన్లు ఇద్దరు ఉంటే మంచిది.

కంపెనీ నుంచి వచ్చిన కోడ్ బిగించినవాడికి తెలుసు. అతను గడప దాటగానే మార్చండి. పుట్టినరోజు, ఇంటి నంబరు, 1234 వద్దు.

పనిమనిషికి విడిగా ఒక కోడ్, అదీ ఆమె వచ్చే వేళకే పనిచేసేలా. ఊరినుంచి వచ్చిన చుట్టాలకు ఒకటి రెండు రోజుల కోడ్. వాళ్ళు వెళ్ళగానే తీసెయ్యండి. ఎవరి మీదా నింద పడకుండా ఉండడానికి ఇదే మార్గం.

అంకెలు నొక్కే పలక మీద వేలి మరకలు వారానికోసారి పొడిగుడ్డతో తుడవండి. లేకపోతే ఏ నాలుగు అంకెలు వాడుతున్నారో చూసినవాడికి తెలిసిపోతుంది.

టీవీలో సినిమాలు కొనడానికి పిన్ పెట్టండి. పిల్లలు తెలియక నొక్కేస్తారు.

పాత ఫోను అమ్మే ముందు, పాత టీవీ మార్చే ముందు యాప్‌లోంచి దాన్ని తీసేసి, లోపలున్నదంతా చెరిపించండి. ఫోను పోతే వెంటనే ఇంకో అడ్మిన్ ఫోనులోంచి దాన్ని తొలగించండి. సైబర్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యండి.

నెలకోసారి యాప్‌లో పేర్ల జాబితా చూడండి. మన బియ్యం డబ్బాలో పురుగు చూసుకున్నట్టే!

ఇదంతా మనకెందుకు, మగవాళ్ళు చూసుకుంటారులే అనకండి. గ్యాసు పొయ్యి వచ్చినప్పుడూ, ప్రెషర్ కుక్కరు వచ్చినప్పుడూ అమ్మలక్కలు భయపడ్డారు. నెల తిరిగేసరికి వాటిని వాళ్ళే ఇతరులకు నేర్పారు. ఇంటర్ చదివిన నేను ఒక మధ్యాహ్నం కూర్చుని నేర్చుకున్నాను, మీరూ నేర్చుకోగలరు. తాళం ఇనుముదైనా, ఫోనులోదైనా సరే, ఆ ఇంట్లో బతికే మనిషి చేతిలో దానిమీద హక్కు ఉండాలి. ఈ సాయంత్రం మీవాళ్ళ ఫోను అడిగి తీసుకుని, యాప్‌లో మీ పేరు పక్కన ఏం రాసి ఉందో ఒక్కసారి చూడండి. గెస్టు అని ఉంటే నవ్వుతూనే మార్పించుకోండి. మీ ఇంట్లో ఏం రాసి ఉందో నాకూ ఉత్తరం రాయండి, సరేనా?